మురుగు మనది, మనిషి కాంట్రాక్టరుదా?

2020 ఏప్రిల్. కరోనా మొదలైన రోజులు. నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో మత్తు డాక్టరుగా పనిచేస్తున్న సుధాకర్ మాస్కులు చాలడం లేదని నోరు విప్పారు. సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖ నడిరోడ్డు మీద ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టిన దృశ్యం దేశమంతా చూసింది. హైకోర్టు జోక్యం చేసుకుని దర్యాప్తును సీబీఐకి ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి, 2021 మేలో ఆయన చనిపోయారు.

ఆయన డాక్టరు. సర్కారీ ఉద్యోగి. నాలుగు పత్రికలు, రెండు పార్టీలు ఆయన గురించి మాట్లాడాయి. అంతటి మనిషి ఒక మాస్కు అడిగితేనే అంత జరిగింది. మరి నడుముకు తాడు కట్టుకుని సెప్టిక్ ట్యాంకులోకి దిగే మనిషి మాస్కు ఎవరిని అడగాలి? మున్సిపాలిటీని అడిగితే "నువ్వు మా మనిషివి కాదు, పోయి కాంట్రాక్టరును అడుగు" అంటారు. కాంట్రాక్టరును అడిగితే "రేపటి నుంచి పనికి రాకు" అంటాడు. ఈ రెండు జవాబుల మధ్య ఉన్న గొయ్యికే పాలకులు ముద్దుగా పెట్టుకున్న పేరు అవుట్‌సోర్సింగ్.

ఊళ్లు పెరుగుతున్నాయి, మురుగు పెరుగుతోంది, కాబట్టి మురుగు నిర్వహణను ఏజెన్సీలకు అప్పగించేద్దాం అన్న మాట ఇప్పుడు ప్రతి పట్టణంలోనూ వినిపిస్తోంది. ఈ మాటలో మొదటి సగం నిజం. రెండో సగంలోనే మోసం ఉంది. అదేమిటో విప్పి చూడాలి.

ఊరు పెరిగింది, కొలువులు పెరగలేదు

నర్సీపట్నం సంగతే తీసుకుందాం. మన్యానికి వాకిలి లాంటి ఊరు. చింతపల్లి కొండలు దిగితే ఇక్కడికే రావాలి. 2011 జనాభా లెక్కల్లో 33,757 మంది. పంచాయతీగా ఉన్న ఊరు మున్సిపాలిటీ అయింది. 2022లో విశాఖ జిల్లా నుంచి విడిపోయి అనకాపల్లి జిల్లాలో చేరింది. చదువులకు, వైద్యానికి, వ్యాపారానికి చుట్టుపక్కల మండలాల జనం ఇక్కడికే వస్తారు. పెంకుటిల్లు తీసి మూడంతస్తులు కడతారు. కిందనున్న సెప్టిక్ ట్యాంకు మాత్రం నేల పాలు, మనకు కనపడదు.

ఇలాంటి ఊళ్లలో మురుగు రెండు దారుల్లో పోతుంది. స్నానం, వంట, బట్టల నీళ్లు సైడు కాలువలోకి. మరుగుదొడ్డి నీళ్లు సెప్టిక్ ట్యాంకులోకి. ట్యాంకును రెండు మూడేళ్లకోసారి తోడించాలని నిపుణులు చెబుతారు. మనం నిండి పొంగేదాకా ఆగుతాం. అప్పుడు ఫోన్ చేస్తే ట్యాంకరు వస్తుంది. తోడి తీసుకుపోతుంది. ఎక్కడ పారబోస్తుంది? అడిగినవాళ్లం ఎంతమందిమి? నీళ్లు పల్లమెరుగు. నర్సీపట్నం పల్లంలో వరహా నది ఉంది. బలిఘట్టంలో భక్తులు మునిగేది ఆ నీళ్లలోనే. దిగువన లక్క బొమ్మల ఏటికొప్పాక ఉన్నది ఆ ఒడ్డునే. ఎగువ ఊళ్లో చేసిన నిర్లక్ష్యం దిగువ ఊరి బావిలో తేలుతుంది.

కాబట్టి పని పెరిగిందన్నది నిజం. కానీ పని పెరిగినప్పుడు చేతులు పెరగాలి కదా! అక్కడే మన పాలకులు దశాబ్దాలుగా ఒక చిట్కా వాడుతున్నారు. రిటైరయిన కార్మికుడి పోస్టు నింపరు. కొత్త వార్డుకు కొత్త పోస్టు ఇవ్వరు. కొన్నేళ్లు ఆగి "సిబ్బంది లేరు, అందుకే ఏజెన్సీకి ఇస్తున్నాం" అంటారు. ఆకలితో పడుకోబెట్టి, బక్కచిక్కాడని ఇంట్లోంచి గెంటినట్టుంది యవ్వారం.

మళ్లీ నిధులు లేవా అంటే ఉన్నాయి. 2018లో ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు ఆంధ్రప్రదేశ్‌లో లక్షలోపు జనాభా ఉన్న పట్టణాల మంచినీళ్లు, సెప్టిక్ వ్యర్థాల నిర్వహణ కోసం 40 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. 2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశలో చిన్న పట్టణాల మురుగునీటి శుద్ధిని చేర్చారు. హైదరాబాద్‌లో 2021లోనే 3,866 కోట్లతో 31 శుద్ధి కేంద్రాలకు అనుమతులిచ్చారు. అంటే సిమెంటుకు డబ్బుంది. మోటార్లకు డబ్బుంది. శిలాఫలకానికి డబ్బుంది. మనిషి దగ్గరికి వచ్చేసరికే ఖజానా ఖాళీ!

టెండరు లెక్కలో మనిషి ప్రాణం

అవుట్‌సోర్సింగ్ అంటే చవక, సమర్థత అని మనకు నూరిపోశారు. ఎక్కడ చవకవుతుందో కాగితం మీద వేసి చూద్దాం. డీజిల్ ధర కాంట్రాక్టరుకైనా మున్సిపాలిటీకైనా ఒకటే. ట్యాంకరు ధర ఒకటే. పైగా కాంట్రాక్టరుకు లాభం మిగలాలి. బిల్లు పాసు కావడానికి మామూళ్లుంటే అవీ ఆ సొమ్ములోంచే రావాలి. అన్నీ కలిస్తే ఖర్చు పెరగాలి కదా! అయినా ఎల్-1గా, అంటే అందరికన్నా తక్కువకు కోట్ చేసి టెండరు కొట్టేస్తున్నాడంటే కోత ఎక్కడ పెడుతున్నట్టు? మిగిలినవి రెండే. ఒకటి కూలీ. రెండు రక్షణ.

పదిమంది చేయాల్సిన పనికి ఆరుగురు. మస్తరులో పేర్లు మాత్రం పది. పీఎఫ్ కోసినట్టు చీటీలో ఉంటుంది, ఖాతాలో ఉండదు. గ్యాసు ఉందో లేదో చూసే మీటరు కొనరు. గాలి పంపే బ్లోయరు కొనరు. అగ్గిపుల్ల గీసి చూడమంటారు. ఇది ఒక చెడ్డ కాంట్రాక్టరు కథ కాదు. మంచి కాంట్రాక్టరు ఉంటే ఆయన రేటు ఎక్కువవుతుంది, ఆయనకు టెండరే రాదు. చెడ్డవాణ్ని ఏరి మరీ గెలిపించే పద్ధతి ఇది.

మురుగులోకి దిగడమంటే ఏమిటో చదువుకున్నవాళ్లకు తెలియాలి. మూసిన గోతిలో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన. మోతాదు పెరిగితే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది. "వాసన రావడం లేదు, పర్లేదు" అనుకుని దిగిన మనిషి రెండు మూడు ఊపిరులకే కూలిపోతాడు. అతన్ని లాగుదామని దిగినవాడూ అంతే. అందుకే ఈ చావులు ఒంటరిగా రావు, జంటలుగా, గుంపులుగా వస్తాయి.

2016 ఆగస్టులో హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక మ్యాన్‌హోల్ నలుగురిని మింగింది. 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో రాత్రి పూట దిగిన ఇద్దరు కార్మికులు పైకి రాలేదు. రెండు చోట్లా పని కాంట్రాక్టరుదే. దేశం మొత్తం మీద 2019 నుంచి 2023 వరకు ఇలా 377 మంది చనిపోయారని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. కేంద్రం చేయించిన సామాజిక తనిఖీలో 2022, 2023 నాటి 54 మరణాలను పరిశీలించారు. 49 మంది ఒంటి మీద ఏ రక్షణ సామగ్రీ లేదు. 38 మందిని విడివిడిగా పనికి పిలిచారు. సర్కారు జీతపు పట్టీలో ఉన్నవాళ్లు కేవలం అయిదుగురు. ఈ ఒక్క లెక్క చాలదా? మనిషి మస్తరు నుంచి ఎంత దూరమైతే చావుకు అంత దగ్గరవుతున్నాడు.

చట్టం చెప్పేదొకటి, టెండరు చెప్పేదొకటి

"కాంట్రాక్టరు తప్పు చేస్తే మేమేం చేస్తాం?" అని చేతులు దులుపుకునే అధికారులు 2013 నాటి చట్టం ఒకసారి చదవాలి. పాకీపని నిషేధ చట్టంలోని ఏడో సెక్షన్ ప్రకారం ఏ వ్యక్తీ, ఏ స్థానిక సంస్థా, ఏ ఏజెన్సీ నేరుగా గానీ మరొకరి ద్వారా గానీ మనిషిని ప్రమాదకరంగా మురుగులోకి దింపకూడదు. మరొకరి ద్వారా గానీ! ఈ మాట వేసింది ఎవరికోసం? కాంట్రాక్టరు చాటున దాక్కునే వాళ్లకోసమే. మొదటిసారి తప్పుకు రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా. మళ్లీ చేస్తే అయిదేళ్లు, అయిదు లక్షలు.

సుప్రీంకోర్టు 2014లో మురుగు చావుకు 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. ఆ కేసు నడిపింది సఫాయి కర్మచారి ఆందోళన్. దాన్ని నిలబెట్టిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల కాలనీలో పుట్టిన తెలుగువాడు, 2016 మెగసెసే గ్రహీత. 2023 అక్టోబరులో అదే కోర్టు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. 2025 జనవరిలో హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు తీయించడాన్ని నిషేధించింది. నర్సీపట్నం ఆ ఆరింట్లో లేదు కదా అని ఎవరూ సంబరపడనక్కర్లేదు. 2013 చట్టం మహానగరానికి ఎంతో మన వీధి చివరి గోతికీ అంతే.

ఇంకో మెలిక ఉంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. సంస్థ ప్రధానమైన పనుల్లో కాంట్రాక్టు కూలీలను పెట్టకూడదని కోడ్ అంటుంది. అంటూనే, పారిశుద్ధ్యం ప్రధానమైన పని కాదంటుంది. అయితే ఆ సంస్థ ఏర్పడిందే ఆ పనికోసమైతే ఈ మినహాయింపు వర్తించదు. మరి మున్సిపాలిటీ ఏర్పడింది దేనికి? నీళ్లివ్వడానికి, వీధి ఊడ్వడానికి, మురుగు తీయడానికి కాక కౌన్సిల్ హాల్లో శాలువాలు కప్పుకోవడానికా? ఈ ప్రశ్న కార్మిక సంఘాలు కోర్టులోనూ అడగాలి, వీధిలోనూ అడగాలి. 2025 ఆగస్టులో ఉత్తరప్రదేశ్ ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే: నిత్యం ఉండే పనులు చేసే బడుగుల వెన్ను మీద ప్రభుత్వం తన బడ్జెట్‌ను సరిచేసుకోకూడదు.

ఉద్యోగీ కాదు, పేదవాడూ కాదు

"ఆంధ్రలో ఏజెన్సీలను తీసేసి ఆప్కాస్ పెట్టారు కదా" అంటారు. నిజమే. 2020 జులైలో ఆప్కాస్ వచ్చింది. దళారుల కమీషన్ తగ్గింది, జీతం నేరుగా ఖాతాలో పడింది. మంచిని మంచి అనాల్సిందే. కానీ కార్మికుడు పర్మినెంటు కాలేదు. పథకాలకు దరఖాస్తు పెడితే "నీకు సర్కారు జీతం వస్తోంది" అన్నారు. ఉద్యోగుల హక్కులు అడిగితే "నువ్వు సర్కారు ఉద్యోగివి కాదు" అన్నారు. ఇద్దరు పెళ్లాల మొగుడికి భోజనం దొరకనట్టు, రెండు నిర్వచనాల మధ్య కార్మికుడు పస్తున్నాడు. ఆ కడుపుమంటే 2023 డిసెంబరు 26న సమ్మెగా రాజుకుని 2024 జనవరి దాకా సాగింది. సమాన పనికి సమాన వేతనం అడిగారు. అది గొంతెమ్మ కోరికేం కాదు, 2016లో జగ్జీత్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకున్న సూత్రమే.

ఈ కార్మికులెవరో కూడా చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే అర్థం సగమే. ఉత్తరాంధ్రలో రెల్లి వాడలు, తక్కినచోట్ల మాదిగ, మాల పేటలు. 2025లో వర్గీకరణ వచ్చి రెల్లి తదితర 12 కులాలకు ఒక శాతం వాటా దక్కింది. సంతోషం. కానీ తరతరాలుగా వాళ్ల నెత్తిన రుద్దిన పనికే పర్మినెంటు పోస్టు లేకుండా చేశాక, ఆ ఒక శాతం దేంట్లో? కంపు మిగిల్చి కొలువు ఎత్తుకుపోయారు.

మాకవరపాలెం మెడికల్ కాలేజీని ప్రైవేటు భాగస్వామ్యానికి ఇస్తారనేసరికి 2025లో ఈ ప్రాంతం అట్టుడికింది. అడగాల్సిందే, అడిగారు. మరి మురుగు పని ప్రైవేటుకిస్తే ఒక్క జెండా లేవదేం? అక్కడ చదివేది మన పిల్లలు, ఇక్కడ దిగేది వాళ్ల పిల్లలు అనే కదా! ఈ మాట కటువుగా ఉంటే ఉండనీయండి. రాస్తున్న నాకూ తగిలే మాటే ఇది.

చిన్న ఊరు యంత్రాలు కొనగలదా?

ఎదుటివాళ్ల వాదన కూడా వినాలి. చిన్న మున్సిపాలిటీ జెట్టింగ్ మిషన్ కొనలేదు, కొన్నా నడిపే డ్రైవరు, బాగుచేసే మెకానిక్ ఉండరు, షెడ్డులో తుప్పుపడుతుంది అంటారు. ఇందులో నిజం ఉంది. తుప్పుపట్టిన బళ్లు మనమంతా చూసినవాళ్లమే. అందుకే మేమంటున్నది ప్రైవేటువాడి నీడ కూడా పడకూడదని కాదు. యంత్రాన్ని అద్దెకు తెచ్చుకోండి. మనిషిని అద్దెకు తేవద్దు.

దారులు లేకపోలేదు. హైదరాబాద్ జలమండలి 2017లో 70 చిన్న జెట్టింగ్ బళ్లను దళిత యువకులు యజమానులయ్యే పద్ధతిలో దింపింది. ఇరుకు సందుల్లోకీ పోయే బళ్లు. అదీ కాంట్రాక్టే. కానీ మనిషి గోతిలోకి దిగే బదులు బండి మీద కూర్చున్నాడు. వరంగల్ 2016లోనే సెప్టిక్ ట్యాంకర్లకు నిబంధనలు పెట్టి, లైసెన్సు లేనిది బండి తిరగకూడదంది. నర్సీపట్నం, యలమంచిలి, పక్క జిల్లా తుని కలిసి ఒక పెద్ద యంత్రాన్ని పంచుకోలేవా? ట్రాక్టరును నలుగురు రైతులు పంచుకుంటారు, మూడు మున్సిపాలిటీలకు ఆపాటి తెలివి లేదా?

అన్నీ అప్పగిస్తే ఏమవుతుందో తెల్లదొరల ఊరే చెబుతుంది. ఇంగ్లండు 1989లో నీళ్లూ మురుగూ కంపెనీలకు అమ్మేసింది. లండన్‌కు నీళ్లిచ్చే థేమ్స్ వాటర్ అప్పుల్లో మునిగింది. శుద్ధి చేయని మురుగును నదుల్లోకి వదిలినందుకు, ఇతర నిబంధనలు తప్పినందుకు 2025 మేలో 12 కోట్ల 27 లక్షల పౌండ్ల జరిమానా పడింది. పాతికేళ్లు కంపెనీల చేతిలో ఉంచిన పారిస్ నగరం 2010లో మంచినీటి సరఫరాను వెనక్కి తీసుకుంది. వాళ్లు వదిలించుకుంటున్న జబ్బును మనం మందని కొనుక్కుంటున్నాం.

రాష్ట్రం వస్తే సరిపోతుందా?

ఈ పత్రిక చదివేవాళ్లలో ఎక్కువమంది ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్డెక్కినవాళ్లు. విద్యార్థులు, ఉద్యోగులు. మీతోనే ఒక కఠినమైన మాట చెప్పాలి. తెలంగాణ నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడింది. 2014లో రాష్ట్రం వచ్చింది. మాదాపూర్, సాహెబ్‌నగర్ చావులు రెండూ ఆ తర్వాతవే. అంటే రాష్ట్రం తప్పని కాదు. సరిహద్దు మారినంత మాత్రాన టెండరు ఫారం మారదు. నియామకం అన్న మాటను గ్రూప్-1 దగ్గర మొదలుపెట్టి గుమాస్తా దగ్గర ఆపేస్తే, మురుగు తీసేవాడికి మన ఉద్యమంలో చోటు ఎక్కడ? కొత్త రాష్ట్రం పాత కాంట్రాక్టరుకే పని ఇస్తే, మారింది బోర్డు మీద పేరు ఒక్కటే.

అందుకని ఏ పట్టణంలోనైనా మురుగు పని ఏజెన్సీకి ఇస్తామన్నప్పుడు ఈ నాలుగూ పట్టుబట్టాలి. ఒకటి, కార్మికుడి పేరు మున్సిపాలిటీ మస్తరులోనే ఉండాలి. రెండు, కూలీ, పీఎఫ్, ఈఎస్‌ఐ, గ్యాస్ మీటరు, బ్లోయరు ఖర్చు టెండరులో కోత పెట్టరాని పద్దుగా విడిగా రాయాలి. పోటీ పడదలచుకున్నవాడు తన లాభంలో పోటీ పడాలి. మూడు, ఏ కాలువ ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో చెప్పే మ్యాపు, దాన్ని చదివే ఇంజినీరు మున్సిపాలిటీ దగ్గరే ఉండాలి. ఆ మ్యాపు కూడా ఏజెన్సీ చేతికిపోతే, అయిదేళ్ల తర్వాత వాడడిగిన రేటే రేటు. నాలుగు, ప్రతి సెప్టిక్ ట్యాంకరు ఎక్కడ తోడింది, ఎక్కడ పోసింది వార్డు సచివాలయం గోడ మీద రాయాలి.

విద్యార్థి మిత్రులారా! సమాచార హక్కు చట్టం వచ్చి 20 ఏళ్లు దాటింది. ఒక దరఖాస్తు రాయండి. మీ ఊళ్లో మురుగు పనిచేసేవాళ్లు ఎంతమంది, ఎవరి మస్తరులో ఉన్నారు, గ్యాస్ మీటర్లు ఎన్ని కొన్నారు అని మూడు ప్రశ్నలు చాలు. ఉద్యోగ సోదరులారా! మీ పీఆర్సీ డిమాండ్ల జాబితాలో చివరి వరుసలో కాదు, మొదటి వరుసలో వాళ్ల పేరు రాయండి. ఇవాళ గోతి దగ్గర మొదలైన అవుట్‌సోర్సింగ్ మీ టేబుల్ దగ్గరికి ఎప్పుడో వచ్చేసింది. మీ పక్క సీటులో కంప్యూటర్ ఆపరేటరు ఎవరి మస్తరులో ఉన్నాడో అడగండి.

ఆనాడు డాక్టరు మాస్కు అడిగినప్పుడు ఊరు పక్కన నిలబడటానికి ఆలస్యమైంది. రేపు తాడు పట్టుకుని గోతి అంచున నిలబడ్డ మనిషి అదే మాస్కు అడుగుతాడు. అప్పుడైనా "కాంట్రాక్టరును అడుగు" అనకుండా ఉందాం. మురుగు మన ఇంట్లోంచి వచ్చింది. దాన్ని తీసే మనిషీ మన మనిషే.